మొదటి కన్యాశుల్కం ఎవరు చదివారు?

రాసింది వెంటనే గొప్పగా రాలేదని కలం పక్కన పెట్టేసే కొత్త రచయితలకు, మన సాహిత్యం పెద్దగా చూపించని కొన్ని పేజీలు

మనం కన్యాశుల్కం అని పిలుచుకునే పుస్తకం 1909లో వచ్చింది. గిరీశం కోతలు, రామప్పంతులు టక్కులు, లుబ్ధావధాన్లు పిసినారితనం, అన్నిటినీ మించి మధురవాణి తెలివి, మనకు తెలిసిన రూపంలో ఆ పుస్తకంలోవే. దాన్ని రాసిన గురజాడ అప్పారావుకు అప్పటికి దాదాపు నలభై ఏడేళ్లు. కానీ విజయనగరంలో జనం 1892లో చూసిన నాటకం అది కాదు. 1897లో అచ్చయిందీ అది కాదు. పేరు ఒకటే, మూలకథ ఒకటే, పుస్తకాలు మాత్రం రెండు. మొదటిదానిలో ఐదంకాలు, రెండోదానిలో ఏడు. మొదటిదానిలో మధురవాణి ఉన్నా ఓ పక్కన ఉంటుంది. రెండోదానికి వచ్చేసరికి నాటకం పగ్గాలు ఆమె చేతిలోకి వెళ్లిపోతాయి.

ఆ మొదటి కూర్పు చాలాకాలం పాఠకులకు దొరకనే లేదు. నెల్లూరు పత్రికా రచయిత బండి గోపాలరెడ్డి, అదే మన బంగోరె, పట్టుబట్టి 1969లో దాన్ని మళ్లీ అచ్చు వేయించారు. అంతవరకూ మామూలు పాఠకుడి ఊహలో గురజాడ ఒక్కసారి కూర్చుని మహా నాటకం రాసి లేచిన మనిషి. నిజం చెప్పాలంటే ఇప్పటికీ అంతే. బళ్లో పాఠం చెప్పినా, సభలో మాలలు వేసినా, మనం ఎత్తి చూపేది చివరికి తేలిన పుస్తకాన్నే. దాని వెనక ఉన్న మొదటి ప్రతిని, కొట్టివేతల్ని, మధ్యలో వదిలేసిన కాగితాల్ని ఎవరమూ చూపించం. రాయాలని ఉబలాటపడే ఇరవై ఏళ్ల అబ్బాయికో అమ్మాయికో ఇంతకంటే పెద్ద అన్యాయం చేయలేం. రాసిన మొదటి పేజీ తమకే నచ్చకపోతే, మనకీ విద్య పుట్టుకతో రాలేదు కాబోలు అనుకుని వాళ్లు లేచిపోతారు.

ఆ మొదటి కూర్పు ఎలా పుట్టిందో చూడండి. విజయనగరం మహారాజు ఆనంద గజపతి అప్పటి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల లెక్క తీయించారు. 1,034 తేలాయి. డబ్బు తీసుకుని పసిపిల్లల్ని ముసలివాళ్లకు కట్టబెట్టే ఆ ఆచారం మీద కోపంతో, దాన్ని నలుగురి నోళ్లలో పెట్టాలన్న తొందరతో రాసిన నాటకం అది. ఆడింది. జనం మెచ్చారు. పుస్తకమూ అయింది. సంస్కరణ కోసం రాసింది కాబట్టి దాని పని అది చేసిందని గురజాడ అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. అచ్చయిన పన్నెండేళ్లకు, అదే కథను దాదాపు కొత్తగా రాసి మళ్లీ జనం ముందు పెట్టాడు. ఈసారి ఆచారం వెనక్కి తగ్గి మనుషులు ముందుకొచ్చారు. వాదన పలచబడి మాటలు చిక్కబడ్డాయి.

ఇక్కడ నా ఊహ ఒకటి. 1892లో ఆ నాటకాన్ని 'ఇంకా కుదరలేదు, బాగా వచ్చాక చూద్దాం' అని భోషాణంలో పెట్టి ఉంటే, 1909 నాటి కన్యాశుల్కం పుట్టేదే కాదు. నటుల నోట మాటలు ఎలా పలుకుతాయో, జనం ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ ఆవలిస్తారో రంగం మీద ఆడించనివాడికి తెలిసే దారి లేదు. లోపాలతోనే బయటికొచ్చిన మొదటి నాటకం రెండోదానికి పెట్టుబడి పెట్టింది.

అంతకంటే వెనక్కి వెళితే ఇంకో గురజాడ కనిపిస్తాడు. 1883లో, ఇరవై ఒక్క ఏళ్లప్పుడు, ఆయన అచ్చులో చూసుకున్న రచన తెలుగులో లేదు. 'సారంగధర' అన్న ఇంగ్లీషు కావ్యం. కలకత్తాలో 'రేయిస్ అండ్ రయ్యత్' పత్రిక నడిపే శంభుచంద్ర ముఖర్జీ దాన్ని మెచ్చుకుంటూనే, సొంత భాషలో రాయమని సలహా ఇచ్చారు. వ్యావహారిక భాషకు అంత పేరు తెచ్చినవాడు యౌవనంలో పరభాషలో ఛందస్సు కట్టుకుంటూ కూర్చున్నాడన్నమాట. మరో చివర చూస్తే, 1915లో ఆయన పోయేనాటికి 'కొండుభట్టీయం', 'బిల్హణీయం' నాటకాలు రెండూ అసంపూర్తిగానే ఉన్నాయి. పూర్తిచేయలేనివీ, తిరగరాసినవీ, దారి తప్పినవీ కలిపితేనే ఆ మనిషి.

కన్ను ముందు, చెయ్యి వెనక

ఈనాటి కుర్ర రచయిత ఫోను తెరిపించి చూడండి. నోట్సులో కథల మొదళ్లు బోలెడు ఉంటాయి. కొన్ని రెండు పేరాలు, కొన్ని పేజీన్నర. చివర ఉన్న కథ మాత్రం ఒక్కటీ దొరకడం కష్టం. అడిగితే వచ్చే జవాబు ఇంచుమించు ఒకటే. 'మొదట్లో బాగానే అనిపించింది. తర్వాత చదివితే నాకే చెత్తగా ఉంది.'

ఆ మాట అబద్ధం కాదు. ఆ కథ చెత్తగానే ఉండి ఉంటుంది. అయితే అది చెత్త అని కనిపెట్టింది ఎవరు? రావిశాస్త్రి, చాసో, నామిని వంటి కథకుల్ని చదివి పదునెక్కిన ఆ కుర్రాడి కన్నే. చదవడం పదేళ్ల వయసు నుంచి మొదలైంది. రాయడం మొన్న మొదలైంది. చదివే కన్ను ముదిరిపోయి రాసే చెయ్యి ఇంకా లేతగా ఉన్న ఈ మధ్యకాలంలోనే ఎక్కువమంది మానేస్తారు. తన రాత తనకు నచ్చనివాడిలో కనీసం మంచి పాఠకుడు ఉన్నాడు. నాకు భయం వేసేది రాసిన మొదటి కథకే మురిసిపోయి, మర్నాడే పుస్తకావిష్కరణకు హాలు మాట్లాడుకునేవాళ్లను చూస్తే. వాళ్ల సంగతి ఈ వ్యాసానికి అక్కర్లేదు.

తెలుగులో రాసేవాళ్లకు దీనిమీద ఇంకో బరువు కూడా ఉంది. ఇంగ్లీషు మీడియంలో చదివి, తెలుగును పదో తరగతితో వదిలేసిన తరం ఇది. ఒత్తులు సరిగ్గా పడ్డాయా, ఇక్కడ శ రాయాలా స రాయాలా, 'ణ' ఎక్కడ 'న' ఎక్కడ అన్న అనుమానంతోనే సగం ఊపిరి ఆగిపోతుంది. మా కరీంనగర్ మాట రాస్తే నవ్వుతారా, మా కడప మాట పత్రికల వాళ్లు దిద్దేస్తారా అన్న బెరుకు ఇంకో సగం. అక్షరదోషాలు దిద్దడానికి మనుషులున్నారు, పుస్తకాలున్నాయి. దిద్దడానికంటూ ముందు ఒక కథ ఉండాలి. ఇక యాస సంగతికొస్తే, 1909 కన్యాశుల్కం భాషే ఆనాటి గ్రాంథికవాదుల లెక్కలో తప్పుల తడక. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి తన జీవితంలో చాలా ఏళ్లు ఆ తగాదాకే ధారపోశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం కదా, ఆ రోజు దండలు వేసే చేత్తోనే ఒక పిల్లవాడి యాసను ఎర్రసిరాతో కొట్టేసేవాళ్లు ఇంకా ఉన్నారు.

ఈమధ్య మరో చిక్కు వచ్చి చేరింది. అడిగితే చాలు, క్షణంలో తప్పుల్లేని పేరా రాసిచ్చే యంత్రాలు చేతిలో ఉన్నాయి. తన వంకరటింకర వాక్యాన్ని దాని నున్నటి వాక్యం పక్కన పెట్టుకుని చిన్నబోయేవాళ్లు ఉన్నారు. ఆ వంకరలోనే వాళ్ల అమ్మమ్మ మాటతీరో, వాళ్ల బస్టాండు రొదో ఉండొచ్చు. నునుపు చేసేముందు ఒకసారి వెతుక్కుంటే మంచిది.

పద్దెనిమిదేళ్ల శ్రీశ్రీ

శ్రీశ్రీ పేరు చెబితే కవాతు చేసే మాత్రాఛందస్సు చెవిలో మోగుతుంది. ఆయన మొదటి పుస్తకం 'ప్రభవ' 1928లో వచ్చింది. అప్పటికాయనకు పద్దెనిమిదేళ్లు. అందులో ఆ కవాతు లేదు. వృత్తాలు, పద్యాలు, భావకవుల పోకడలు, పెద్దల గొంతులు ఉన్నాయి. బాగా చదువుకున్న తెలివైన కుర్రాడు తాను ప్రేమించిన కవుల్లా రాయబోతే ఎలా ఉంటుందో అలా ఉంది. 'ప్రభవ' ఒక్కటే రాసి ఊరుకుని ఉంటే ఆయన పేరు ఈరోజు పరిశోధకుల జాబితాల్లో ఓ మూల ఉండేది.

అనుకరణ అన్నమాట వినగానే మనవాళ్లు మొహం చిట్లిస్తారు. సంగీతంలో శిష్యుడు గురువు పాడినట్టే పాడితే శభాష్ అంటాం. వంటలో అత్తగారి చేతి రుచి కోడలికి వస్తే మురిసిపోతాం. రాతలో మాత్రం మొదటిరోజు నుంచీ సొంత గొంతు కావాలంటాం. సొంత గొంతు ఎక్కడినుంచి వస్తుంది? అప్పు తెచ్చుకున్న గొంతులు ఒంటికి సరిపడక బిగుతైనప్పుడు వస్తుంది. శ్రీశ్రీకి ఆ బిగుతు తెలియడానికి ఆ పద్యాలన్నీ కావాల్సి వచ్చాయి. 1930ల్లో మహాప్రస్థాన గీతాలు పుట్టేనాటికి ఆయన చేతిలో ఛందస్సు కాచి వడబోసి ఉంది. తెలిసినదాన్ని వదిలిపెట్టడానికీ, తెలియక వదిలేయడానికీ ఉన్న తేడా ఆ గీతాల ప్రతి పాదంలో వినిపిస్తుంది.

ఓపిక మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఆ గీతాల సంపుటికి రచయిత చలం ముందుమాట 'యోగ్యతాపత్రం' రాసింది 1940లో. పుస్తకం అచ్చయింది 1950లో. పదేళ్లు! అంకితం అందుకున్న మిత్రుడు కొంపెల్ల జనార్దనరావు అయితే 1937లోనే పోయాడు. ముందుమాటతో సహా సిద్ధంగా ఉన్న పుస్తకం పదేళ్లు అచ్చు కోసం ఎదురుచూసిందంటే, పత్రికకు పంపిన కథకు రెండు నెలలుగా జవాబు లేదని కుమిలిపోయేవాళ్లు కాస్త స్థిమితపడొచ్చు.

కార్డు మీద పట్టే కథ

నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే ఉదాహరణ కాళీపట్నం రామారావు. కారా మాస్టారు. 1924లో శ్రీకాకుళం జిల్లా మురపాకలో పుట్టారు. విశాఖపట్నంలో ఒకే ఎయిడెడ్ హైస్కూల్లో ముప్ఫై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పారు. 'యజ్ఞం' రాసిన కథకుడిగా తెలుగు పాఠకుడు ఆయన ముందు తల వంచుతాడు. అయితే ఆయన మొదలుపెట్టింది యజ్ఞంతో కాదు. 1943లో 'చిత్రగుప్త' పత్రికకు రాసిన 'ప్లాటుఫారమో' అనే కార్డు కథతో.

కార్డు కథ అంటే పోస్టుకార్డు మీద పట్టేటంత కథ. ఆ రోజుల్లో పత్రికలు వాటిని అడిగి మరీ వేసుకునేవి. కార్డు మీద ఉన్న జాగా ఎంతో అందరికీ తెలుసు. అందులో ఒక మనిషి రావాలి, ఒకటి జరగాలి, కథ అయిపోవాలి. వర్ణనకు చోటు లేదు. తాత్వికతకు అసలే లేదు. అన్నిటికంటే ముఖ్యం, అది ఒక్కరోజులో పూర్తవుతుంది. బాగుందో లేదో తర్వాతి మాట, మొత్తానికి ఒక కథకు మొదలూ చివరా రెండూ పెట్టిన అనుభవం చేతికి దక్కుతుంది. ఇప్పటి కుర్రవాళ్లు మొదటి అడుగే మూడు భాగాల నవలతో వేయాలనుకుంటారు. దానికి మ్యాపులు గీస్తారు, వంశవృక్షాలు వేస్తారు, మొదటి అధ్యాయం పదిసార్లు మారుస్తారు. నన్నడిగితే ఆర్నెల్లపాటు కార్డు కథలు రాయమంటాను. పోస్టుకార్డు దొరక్కపోతే ఫోను తెర ఉంది. వేలితో తెర జరపకుండా కనిపించినంత మేర ఒక కథ. చివర రాయడం చేతనైతే మొదలు రాయడం దానంతటదే వస్తుంది. ముగింపుల్లేని వంద మొదళ్లు రాసినా ఆ పని రాదు.

కారా జీవితంలో ఇంకో ఘట్టం ఉంది. దాన్ని మనం సరిగ్గా గుర్తించలేదనిపిస్తుంది. 1950ల్లో పేరు వస్తున్న దశలోనే ఆయన తన కథలపట్ల తానే అసంతృప్తి చెంది కొన్నేళ్లపాటు రాయడం ఆపేశారు. జీవితం గురించి తనకు తెలిసింది చాలదనిపించింది. చదువుకున్నారు, చూశారు, ఆలోచించారు. 1964లో యజ్ఞం రాశారు. అది 1966లో 'యువ' పత్రికలో వచ్చింది. అప్పు, న్యాయం, పంచాయతీ అన్నవి ఒక ఊళ్లో ఒక కుటుంబాన్ని ఎక్కడికి తోస్తాయో చెప్పిన ఆ పెద్ద కథ మీద ఏళ్ల తరబడి చర్చ నడిచింది, ఇంకా నడుస్తోంది. 'యజ్ఞంతో తొమ్మిది' సంపుటికి 1995లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది.

రచయిత కావాలంటే రోజూ రాయాల్సిందేనని చెప్పేవాళ్లను, కారా కొన్నేళ్లు రాయడం ఆపిన సంగతి ఇరకాటంలో పెడుతుంది. రోజూ రాయడం మంచి అలవాటే, కాదనను. కానీ ఉద్యోగం, పరీక్షలు, పాలు తాగే బిడ్డ ఉన్నవాళ్లు ఒక వారం రాయలేకపోతే నేరం చేసినట్టు మొహం వేలాడేయనక్కర్లేదు. ఆగడం రెండు రకాలు. భయపడి ఆగినవాడు రాత గురించి ఆలోచించడం కూడా మానేస్తాడు. కారా ఆగినప్పుడు ఆ లోపం ఏమిటో వెతుకుతూనే ఉన్నారు. బయటికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. తాను ఏ రకంగా ఆగాడో ఆ మనిషికి మాత్రమే తెలుస్తుంది.

కొత్తవాళ్ల కోసం ఆయన 'కథాకథనం' రాశారు. వల్లంపాటి వెంకటసుబ్బయ్య 'కథాశిల్పం' కూడా పక్కన పెట్టుకుంటే తెలుగులో కథ కట్టే పని గురించి తెలుసుకోవడానికి ఇప్పటికిప్పుడు చాలు. ఒక హెచ్చరిక: ఈ పుస్తకాలు నాలుగు కథలు పాడుచేసుకున్నాక చదివితే అర్థమైనట్టు ముందు చదివితే అర్థం కావు.

గేదె అమ్మకం

దిద్దడం దిద్దడం అని అంటూనే ఉన్నాం, అసలు ఏం దిద్దాలి? ఒక కల్పిత ఉదాహరణ తీసుకుందాం. ఇరవై రెండేళ్ల అమ్మాయి తన అమ్మమ్మ మీద కథ రాస్తోంది. మొదటి ప్రతి ఇలా మొదలవుతుంది:

'సాయంసంధ్య వేళ. ఆకాశం కుంకుమ ఆరబోసినట్టుంది. పక్షులు గూళ్లకు చేరుకుంటున్నాయి. కానీ లక్ష్మమ్మ మనసు మాత్రం ఏదో తెలియని దిగులుతో నిండిపోయింది.'

ఇలా రెండు పేజీలు. దిగులు, జ్ఞాపకాలు, కాలం ఎంత మారిపోయిందో అన్న నిట్టూర్పులు. మూడో పేజీ మధ్యలో ఎక్కడో ఈ వాక్యం పడింది:

'బేరగాడు డబ్బు లెక్కపెట్టి చేతిలో పెట్టాక, అమ్మమ్మ గేదె మెడలోంచి పలుపు విప్పేసి, నీ పలుపు నువ్వు తెచ్చుకో నాయనా అంది.'

కథ అక్కడుంది. పలుపు దగ్గర. ఆ అమ్మాయికి మొదటి రెండు పేజీలు చదివినప్పుడు తన రాత మీద అసహ్యం వేస్తుంది, న్యాయమే. అక్కడే ఆపేస్తే పలుపు దాకా రాదు. ఆకాశం ఎర్రదనం, పక్షులు, తెలియని దిగులు ఇవన్నీ ఎవరెవరి కథల్లోంచో వచ్చి ముందు వరసలో కూర్చున్న మాటలు. అవి వెళ్లిపోతేగానీ తనవి బయటికి రావు. రెండో ప్రతిలో రెండు పేజీలూ ఎగిరిపోయి కథ బేరంతో మొదలవుతుంది. మూడో ప్రతిలో అమ్మాయికి అనుమానం వస్తుంది: ఆ పలుపు తర్వాత ఎక్కడికెళ్లింది? దండెం కట్టారా, అటక మీద పెట్టారా? ఇంటికి ఫోన్ చేసి 'అమ్మా, అమ్మమ్మ ఆ పలుపు ఏం చేసిందే?' అని అడుగుతుంది. మొదటి ప్రతి రాసేటప్పుడు ఆ ప్రశ్న పుట్టే అవకాశమే లేదు.

పనికొచ్చే చిన్న పనులు మరికొన్ని ఉన్నాయి. గట్టిగా చదవడం, అదీ రాయడం అలవాటు లేని మనిషికి వినిపించేలా. నాలుక తడబడ్డ చోట వాక్యం తేడాగా ఉందని గుర్తు పెట్టుకోవచ్చు. రాసింది పదిరోజులు కంటికి కనపడకుండా దాచడం. చివరి పేరా కొట్టేసి చూడటం. పది కథల్లో ఏడింటికి అది అక్కర్లేదని తేలుతుంది. ఏడు అన్నది నా అంచనాయే, లెక్క తీసింది కాదు.

చెడ్డ కథలకు చోటు

ఇదంతా రచయిత ఒక్కడి మీద పెట్టే బరువు కాదు. నేర్చుకునే చోటు కూడా ఉండాలి. మద్రాసులో రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు 'బాల' అనే పిల్లల పత్రిక నడిపారు. పద్నాలుగేళ్ల ముళ్లపూడి వెంకటరమణ మొదటి కథ 1945లో అందులోనే వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, జ్యోతి, యువ, స్వాతి ఇలా వార మాసపత్రికలకు ప్రతి సంచికలోనూ కథలు కావాలి. అన్ని పేజీలు నిండాలంటే అన్నీ గొప్ప కథలే దొరకవు. మామూలువీ వేసుకునేవారు, నీరసమైనవీ వేసుకునేవారు. వాటి రచయితలు తమ పేరు అచ్చులో చూసుకుని, తర్వాతివారం పక్క పేజీలో తమకంటే బాగా రాసినవాడి కథ చదివి, సిగ్గుపడి, మెరుగుపడ్డారు. నచ్చని కథ స్టాంపు అంటించిన కవర్లో తిరిగొచ్చేది. దాన్నే సాపు చేసి ఇంకో పత్రికకు పంపేవారు. ఆ పత్రికల గుంపు ఇప్పుడు చెదిరిపోయింది. దినపత్రికల ఆదివారం అనుబంధాల్లో వారానికి ఒక్క కథకు చోటుంటే గొప్ప. ఒకే ఒక్క కుర్చీ ఉన్న గదిలోకి పిలిచి, బెదరకుండా రాయమంటే ఎలా? వెబ్ పత్రికలు కొంత ఊరట. ఊరికి పదిమంది కూడి ఒకరి కథ ఒకరు చదివి మొహం మీద చెప్పుకునే చిన్న గుంపులు అంతకంటే ఊరట. అందులో ఒక్కరైనా మొహమాటం లేనివాళ్లు ఉండాలి, ఇద్దరుంటే గుంపు నిలవదు.

మామూలు రచనలకు చోటివ్వడం అంటే ప్రమాణాలు దించేయడమే అని కోపగించేవాళ్లకు 1934 నాటి పుస్తకం ఒకటి గుర్తుచేయాలి. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఎవరో అన్నారని సురవరం ప్రతాపరెడ్డి 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. 354 మంది కవులు. వాళ్లందరూ పోతన వారసులేమీ కారు. కొందరివి వట్టి గణాలు సరిపోయిన పద్యాలు. ప్రతాపరెడ్డి వడపోసి ఇరవైమందినే వేసి ఉంటే పుస్తకం చిక్కగా ఉండేది, జవాబు మాత్రం పలచబడేది. నిజాం రాజ్యంలో తెలుగు చదువే గగనమైన రోజుల్లో ఊరూరా ఎవరో ఒకరు పద్యం కడుతూ ఉన్నారన్నదే అక్కడ వార్త. ఆ తర్వాత పదమూడు పద్నాలుగేళ్లకే అదే నేల మీద దాశరథి కృష్ణమాచార్య నిజామాబాదు జైల్లో పళ్లు తోముకునే బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశాడు. గోడ తుడిచేస్తే మళ్లీ రాశాడు. అప్పటికి ఇరవై రెండు ఇరవై మూడేళ్ల యువకుడు. ఆయన కవితా సంపుటి 'అగ్నిధార' 1949లో వచ్చింది.

మామూలు రచనలకూ చోటుండాలన్న సంగతి కారా మాస్టారు బాగా ఎరిగినవారు. పురస్కారాలతో వచ్చిన డబ్బు పెట్టి శ్రీకాకుళంలో 1997 ఫిబ్రవరి 22న తెరిచిన కథానిలయంలో మంచి కథలను మాత్రమే ఏరి పెట్టలేదు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా దొరకాలన్నది ఆయన పట్టు. పేరున్నవాళ్లవీ, ఒక్క కథతో మాయమైనవాళ్లవీ, పాత వారపత్రికల్లో మగ్గిపోతున్నవీ వేలాదిగా అక్కడికి చేరాయి. చాలావాటిని ఇప్పుడు ఇంటర్నెట్లోనూ చదవొచ్చు. మీకిష్టమైన రచయిత పేరు కొట్టి, తేదీల వరసలో అట్టడుగుకు వెళ్లి, ఆయనో ఆమో ఇరవైలలో రాసిన కథ తెరవండి. కొన్ని చదువుతుంటే ఇబ్బందిగా ఉంటుంది. ఇంత పెద్ద రచయిత ఇలా రాశాడా అనిపిస్తుంది. రాశాడు.

ఈ సందర్భంలో ప్రచురణకర్తలకు ఒక విన్నపం. కథల సంపుటాలు వేసేటప్పుడు చాలామంది తేదీలు తీసేస్తున్నారు. ఏ కథ ఏ ఏడు, ఏ పత్రికలో వచ్చిందో ఉండదు. అన్నీ ఒకే రోజు పుట్టినట్టు వరసగా నిలబడి ఉంటాయి. కొందరు రచయితలైతే తొలి కథలు తామే తీయించేస్తారు. పరువు తక్కువ అని కాబోలు. వాటిని ఉంచండి. వెనకవైపు చిన్న అక్షరాల్లోనైనా సరే. ప్రతి కథ కింద ఒక్క పంక్తిలో పత్రిక పేరు, సంవత్సరం వేస్తే ఖర్చేమీ పెరగదు. చదివే కుర్రాడు రచయిత పుట్టిన ఏడు తీసేసి వయసు లెక్క కట్టుకుంటాడు.